పదకొండు అడుగులు

పిచ్చుకలకి ఇవాళ నా మీద భయం పోయినట్టుంది. రెల్లుకర్ర ఎత్తితే లేస్తాయి, దించేలోపే పిట్టగోడ మీద వాలి తలలు వాల్చి చూస్తాయి, దీని చెయ్యి ఎప్పుడు అలిసిపోతుందా అని. చెయ్యి అలిసిపోలేదు. వేడిగా ఉంది. ఎండకి అనుకుందామంటే ఎడమ చెయ్యి కూడా ఆ ఎండలోనే ఉంది కదా, అది చల్లగానే ఉంది. కుడి అరచెయ్యి ఒక్కటే, వేళ్ళ మొదళ్ళ దగ్గర, పొద్దున మా అన్నయ్య కొడుకు హైకల్ చెంప తగిలిన చోట. ఆరేళ్ళ పిల్లాడి చెంప ఎంతుంటుంది, నా నాలుగు వేళ్ళకి సరిపోయింది. డాబా మీద నాలుగు దుప్పట్లు, నాలుగింటి మీదా పల్చగా పరిచిన కుస్కుస్, రవ్వ నలిపి కట్టిన గింజలు, మా ఇంటి ఏడాది తిండి. ఇంకో రోజు ఎండితే జాడీల్లోకి ఎత్తాలి. కింద రఫీకా వదిన గదిలో బీరువా తలుపు కిర్రుమంది. తెరిచింది. మళ్ళీ మూసింది. మూడు దాటి ఉంటుంది. సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు అయ్యాక మసీదు ముందు నుంచి మహ్దియా పట్నం వెళ్ళే బండి కదులుతుంది. అంటే ఇంకో గంట. ఈ గంటలో మా వదిన కొడుకుని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతుందో ఉండిపోతుందో తేలిపోతుంది, నేను మాత్రం ఇక్కడ పిచ్చుకల్ని తోలుతూ ఉంటాను, దిగి వెళ్ళి ఒక్క మాట చెప్పడానికి లేదు, కుస్కుస్‌ని వదిలి కదలకూడదు, పైగా పడమటి వైపు ఆలివ్ తోటల చివర ఆకాశం అంచు మసగ్గా ఉంది. అదీ ఒక వంకే. అమ్మని పిలిచి కర్ర చేతికిచ్చి దిగచ్చు. దిగి ఏం చెప్పాలో నాకు తెలియదు. అందుకని మబ్బుని అడ్డం పెట్టుకున్నాను.

పొద్దున ఇక్కడే ఎంత సందడి. రవ్వ పోసిన పెద్ద చెక్క పళ్ళెం చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళం, ఉప్పునీళ్ళు చిలకరించేది అమ్మ, అరచేతులతో నలిపి గింజ కట్టించేది నేనూ పక్కింటి మెహ్రెజియా మరో ఇద్దరూ, జల్లెడ పట్టేది వదిన. వదినది పట్టుమగ్గాల ఇల్లు, దారం తెగకుండా తిప్పడం నేర్చిన చెయ్యి, ఆమె జల్లెడ పడితే గింజ గింజకీ ఎడం ఉంటుంది. మెహ్రెజియా తన మొగుడి గురకని అభినయించి చూపిస్తోంది, అమ్మ సిగ్గులేదే నీకు అంటూ అందరికన్నా ముందు నవ్వుతోంది. హైకల్ చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కునే బకెట్లో నిలబడి ఆడుతున్నాడు. ఆ తడి కాళ్ళతో ఇటు రావద్దని అమ్మ ఒకసారి చెప్పింది, నేను ఒకసారి చెప్పాను, వదిన జల్లెడ ఆపకుండా కళ్ళతో ఒకసారి చెప్పింది. వాడు బకెట్లోంచి బయటికొచ్చి దుప్పటి అంచున నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు, నా వైపే చూశాడు. నవ్వుతూ కుడికాలు గింజల మీద పెట్టాడు. ఆ చూపు నాకు తెలుసు, దాగుడుమూతల్లో నేను దొరకబోయే ముందు చూసే చూపు, అత్తా పట్టుకో చూద్దాం అనే చూపు. తర్వాత పరిగెత్తాడు. దుప్పటి ఈ చివరి నుంచి ఆ చివరికి పదకొండు అడుగులు. తడి పాదానికి గింజలు అంటుకుని ఒక్కొక్క అడుగూ చిన్న గుంట అయింది. ఆ చివర ఆగి, ఎవరు నవ్వుతారా అని వెనక్కి తిరిగాడు. మెహ్రెజియా నవ్వింది కూడా.

నేను నవ్వలేదు. మా ఊళ్ళో సందులో రొట్టెముక్క కనిపిస్తే వంగి తీసి, ముద్దు పెట్టుకుని, కళ్ళకద్దుకుని, ఎవరి కాలూ పడకుండా గోడ మీద పెడతాం. నడక రాకముందే నేర్చుకున్న పని అది, ఆలోచించి చేసేది కాదు. అలాగే పొద్దున కూడా ఆలోచించలేదు. లేచాను, నాలుగు అంగల్లో వాడి దగ్గరికి వెళ్ళాను, చెయ్యి లేచింది. చప్పుడు చాలా పెద్దగా వినిపించింది, ఆ సమయానికి అందరూ మాట్లాడటం ఆపేశారేమో. చెయ్యి ఆగాక నాలుక ఆగలేదు. ఒక మాట అన్నాను. ఆ మాటని ఇప్పుడు తలుచుకోను. వాడు ఏడవలేదు. చెంప పట్టుకోలేదు. వాళ్ళమ్మ వైపు చూశాడు. వదిన జల్లెడ కింద పెట్టింది. చేతులకి అంటిన రవ్వ దులిపింది, మునివేళ్ళు ఒక్కొక్కటిగా కొంగుకి తుడుచుకుంది, తొందర లేదు. అప్పుడు అంది:

“పక్కనే కూర్చున్నాను జాజియా. పిలిస్తే పలికేదాన్ని.”

అంతే. గొంతు పెంచలేదు. వాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగిపోయింది, ఆరేళ్ళ పిల్లాణ్ణి, వాడి కాళ్ళు ఆమె మోకాళ్ళకి తగులుతూ. మెహ్రెజియా ఊరుకోలేక, వాడు తొక్కిన గింజలు మా ఇంటికి మాత్రం పంపకండి తల్లీ, మా ఇంట్లో తొక్కేవాళ్ళు ఇప్పటికే నలుగురున్నారు అంది. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నానికి పని ముగిసిందంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ముగియలేదు, చెక్క పళ్ళెంలో ఇంకా పిడికెడు తడి రవ్వ ఉంది.

కొట్టకూడదా నేను? ఈ ప్రశ్న పొద్దుటి నుంచి ఎన్నిసార్లు వేసుకున్నానో, ప్రతిసారీ అవతలి వైపు వదిన ఉంటుంది, ప్రతిసారీ ఆమె వేళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. వాడు పుట్టినప్పుడు వదినకి నలభై రోజులు జ్వరం. అన్నయ్య ముఖ్తార్ చేపల పడవ మీద ఉండేవాడు, ఇప్పటిలాగే గురువారానికి గురువారం వచ్చేవాడు, వచ్చి కొడుకుని చూసి వీడికి మెడ లేదేమిటే అని భయపడేవాడు. వాడికి మెడ నిలిచేదాకా పట్టుకున్నది ఈ చెయ్యే. నారింజపూల నీళ్ళలో వేలు ముంచి పెడితే చప్పరించి పడుకునేవాడు. అప్పుడు నాకు ఇరవై. వాడి గుడ్డలు ఉతికింది, పేలు తీసింది, గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే వేలు పెట్టి లాగింది, అన్నీ ఈ చెయ్యే, దేనికీ ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ అడగమనలేదు. వాడు మొట్టమొదట పలికిన మాట ‘త్తా’. నాకు భయం వేసింది, వదిన ముఖం చూశాను. ఆమె మంచం మీద నుంచి నవ్వి, ఎత్తుకు తిరిగిన కాళ్ళు నీవి, మొదటి మాట నీకే పోనీలే, రెండోది నాది అంది. అలా ఇచ్చేసింది. పిల్లవాడి మొదటి మాట ఇచ్చేసిన మనిషి ఒక దెబ్బ దగ్గర పిసినారితనం చేస్తుందా? లేక దెబ్బ వేరే సంగతా? ముద్దు అడక్కుండా పెట్టచ్చు, దెబ్బ మాత్రం అడిగి వెయ్యాలా? అడిగితే ఎవరైనా వెయ్యమంటారా?

పో, పో. రెండు పిచ్చుకలు మూడో దుప్పటి మీద. ఆ దుప్పటే, వాడు పరిగెత్తినది. ఆడవాళ్ళు వెళ్ళాక మోకాళ్ళ మీద కూర్చుని తడిసి ఉండకట్టిన చోటల్లా గింజలు విడదీశాను, వేళ్ళతో సరిచేశాను, ఒక్కొక్క అడుగే చెరిపాను. పది చెరిపాను. చివరిది, అంచు దగ్గరది, అన్నిటికన్నా తేలిగ్గా పడింది, అప్పటికి పాదం ఆరిపోయి ఉంటుంది, గింజ చెడలేదు. అయిదు వేళ్ళూ విడివిడిగా ఉన్నాయి. బొటనవేలి పక్క వేలు కొంచెం పొడుగు, మా నాన్నదీ అలాగే ఉండేది. దాన్ని చెరపడానికి చెయ్యి చాచి ఆపేశాను. ఎందుకు ఆపానో అడిగితే చెప్పలేను.

ఇంకో సంగతి కూడా ఉంది, పొద్దుటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను. వాడికి అరబీ అక్షరాలు నేర్పింది నేను. పలక మీద కాదు. బడి తెరవడానికి ఇంకా రెండు వారాలుంది, పలక అప్పుడే ఎందుకని అన్నయ్య కొనలేదు. రవ్వ నలపక ముందు చెక్క పళ్ళెంలో పల్చగా పరిచి, వాడి వేలు పట్టుకుని రాయించాను. వాడి పేరులో మొదటి అక్షరం, రెండు కళ్ళున్న ముడిలా ఉంటుంది, అది వచ్చేదాకా ఎన్ని పళ్ళాలు చదును చేశామో. వంటికి అంటుకుంటే దులిపేదాన్ని, నేల మీద పడితే ఎత్తి ముద్దు పెట్టుకునేదాన్ని, వాడూ పెట్టుకునేవాడు. పిండి మీద వేలితో గీస్తే అత్త నవ్వుతుంది, గింజల మీద కాలితో గీస్తే అత్త కొడుతుంది. పెద్దవాళ్ళకి ఆ రెంటికీ మధ్య గోడంత అడ్డం ఉంది. వాడికి ఎంతుందో. చెప్పాం కదా, మూడుసార్లు చెప్పాం. వాడి తప్పు లేదని నేననడం లేదు. వాడు వింటూనే చేశాడు. కానీ నా వైపే చూసి చేశాడు.

బడి. ఇవాళ బండి ఎక్కితే వాడి బడి మహ్దియాలోనే. అది ఎవరూ పైకి అనడం లేదు, ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి బడి పెద్దదని వదిన రెండేళ్ళుగా అంటూనే ఉంది, అన్నయ్య నాన్చుతూనే ఉన్నాడు. అలిగి పుట్టింటికి వెళ్ళిన భార్యని భర్త వెళ్ళి తీసుకురావాలి, ఒక్కడే వెళితే సరిపోదు, పెద్దవాళ్ళు వెంట ఉండాలి, వాళ్ళ కాఫీ తాగాలి, మాటా మాటా అయ్యేసరికి బడి తెరిచేస్తారు, పేరు రాసేస్తారు. గురువారం అన్నయ్య చేపల వాసనతో గడపలోకి వచ్చి వాడేడి అంటాడు. నేను ఏం చెప్పాలి? నా బడి ఈ ఊరి బడే, తొమ్మిదో తరగతి దాకా. చేర్పించేటప్పుడు మా నాన్న పంతులుగారితో, తోలొక్కటి మాకు మిగల్చండి చాలు, మిగతాది మీ ఇష్టం అన్నాడట. అందరి నాన్నలూ అదే అనేవారు. పంతులుగారు కూడా నవ్వేవారు. అప్పుడు ఊళ్ళో ఏ చెయ్యి ఎవరి పిల్ల మీద పడినా ఎవరూ అడిగేవారు కాదు. నాకు బాగా గుర్తు, నేనే సాక్ష్యం.

ఖద్రా పెద్దమ్మ దెబ్బ. పెద్దమ్మ అని పిలవడమే, చుట్టం కాదు, మా సందు చివర రొట్టెల పొయ్యి ఆమెది, ఆ వీధి ఆడవాళ్ళందరూ పిండిముద్దలు చెక్కపలక మీద మోసుకెళ్ళి అక్కడే కాల్చుకునేవారు. నాకు ఏడేళ్ళు. మాడిన రొట్టె అంచు ఒకటి దొరికితే కాలితో తన్నుకుంటూ ఆడుతున్నాను, రాయిలా ఎగురుతోంది. చెయ్యి ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. పొయ్యి వేడి, పిండి వాసన, ఎండుకొమ్మల పొగ, చెవిలో గంట. ఏడుస్తూ ఇంటికి పరిగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ విన్నది, విని, రెండో చెంప మీద తనది ఒకటి వేసింది, ఆరు గుడ్లు గిన్నెలో పెట్టి ఖద్రా పెద్దమ్మకి ఇచ్చి రమ్మంది. నా కూతుర్ని సరిదిద్దినందుకు అని చెప్పమంది. రెండు చెంపలూ మండుతూ గుడ్లు పగలకుండా నడిచాను. పొద్దుటి నుంచి ఆ గుడ్లే నాకు అండ. చూడు వదినా, మా అమ్మ అలా చేసింది. పరాయి మనిషి కొడితే గుడ్లు పంపింది. నేను పరాయి కూడా కాదు. ఇలా ఒక పెద్ద వాదన తయారుచేసి పెట్టుకున్నాను, చివర్లో గుడ్లు వస్తాయి, గుడ్లు రాగానే వదిన తల వంచుకుంటుంది. ఆమె తల వంచుకున్నట్టు ఊహించుకుంటే మాత్రం నాకు ఎందుకో ఏడుపొస్తోంది.

గాలి మారింది. ఇప్పటిదాకా సముద్రం వైపు నుంచి వచ్చేది ఆగిపోయి పడమటి నుంచి ఒక తెర వచ్చింది, దుమ్ము వాసన. ఆగస్టు చివర్లో ఒక వాన వస్తుంది, కళ్ళాలు కడిగే వాన అంటాం, ఎవరికీ చెప్పి రాదు, పావుగంట కురిసి పోతుంది. అది ఇవాళే వస్తుందా? రానీ. వస్తే బండి ఆగుతుందా? ఆగదు, ఆ డ్రైవరు తుఫానులో కూడా నడుపుతాడు. వస్తే ఈ నాలుగు దుప్పట్లూ నేనొక్కదాన్నే ఎత్తలేను, దుప్పటికి నాలుగు మూలలుంటాయి, నాకు రెండు చేతులు.

మెట్ల మీద అడుగులు. వదినేమో అని తిరిగాను. అమ్మ. టీ గ్లాసు పట్టుకుని, ప్రతి మెట్టుకీ బిస్మిల్లా అనుకుంటూ. వచ్చి నా పక్కన పిట్టగోడ నీడలో కూలబడింది. టీ నా ముందు పెట్టింది, పుదీనా వాడిపోయి ఉంది, ఎప్పుడో కాచి పైకి రావాలా వద్దా అని ఆలోచించినట్టుంది. వెళ్తుందా అని అడిగాను.

“సంచి సర్దింది. వాడి చెప్పు ఒకటే దొరికింది. రెండోది వెతుకుతోంది.”

రెండో చెప్పు నా ఒళ్ళో ఉంది. పొద్దున బకెట్ పక్కన విడిచినవాటిలో ఒకటి వాడి కాలికి తగిలి మెట్ల మీదకి జారింది, ఒకటి ఇక్కడే ఉండిపోయింది. నీలం రంగు, మడమ దగ్గర అరిగింది. ఎప్పుడు తీసి ఒళ్ళో పెట్టుకున్నానో నాకే తెలియదు, పైన కొంగు కప్పుకున్నాను. అమ్మ కొంగు వైపు చూసింది. పిచ్చుకల్ని చూస్తూ, ఖద్రా గుర్తుందా నీకు అంది.

గుర్తుంది అన్నాను. ఆరు గుడ్లు కూడా గుర్తున్నాయి, నువ్వు వేసిన రెండో దెబ్బ కూడా గుర్తుంది అన్నాను. అమ్మ నవ్వింది, ముందరి పన్ను లేని చోట నాలుక పెట్టుకుని.

“ఆ తర్వాత ఏడాది పాటు ఆమె పొయ్యిలో నేను రొట్టె కాల్చలేదు. అది గుర్తుందా?”

లేదు. ఉంది. పిండిముద్దల పలక నెత్తిన పెట్టుకుని అమ్మ వెనకాల ఊరి అవతలి చివరి దాకా నడిచేవాళ్ళం. ఖద్రా పెద్దమ్మ గడప దాటేటప్పుడు అమ్మ అడుగు వేగం పెంచేది. ఆ పొయ్యి పగిలిపోయిందేమో అనుకున్నాను నేను. పగిలిన పొయ్యిలోంచి పొగ ఎందుకొస్తుందని ఏనాడూ అడగలేదు. ఏడాది. ఎండలో, చలిలో. ఆ నడకంతా నా జ్ఞాపకంలో ఎప్పుడూ ఉంది, దాని పేరే తెలియదు.

“ఒక్క దెబ్బకా?” అన్నాను.

“దెబ్బకేంటే. దెబ్బ నీ చెంప మీద పడింది, సాయంత్రానికి పోయింది. తల్లి ఉండీ లేని పిల్ల అంది ఖద్రా, పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళందరూ వింటుండగా. అది నీ మీద పడలేదు.”

టీ చల్లారిపోతోంది తాగు అంది అమ్మ. పొద్దున ఆమె కూడా ఇక్కడే ఉంది, నీళ్ళు చిలకరిస్తూ. అంతా విన్నది.

సరే. తలుచుకుంటాను. చెయ్యి ఆగాక నేనన్న మాట ఇదీ: నిన్ను పెంచినవాళ్ళెవరూ లేరట్రా. వాడి ముఖంలో ముఖం పెట్టి అన్నాను, అయిదుగురు ఆడవాళ్ళు వింటుండగా, పెంచిన మనిషి రెండు బారల దూరంలో జల్లెడ పట్టుకుని కూర్చుని ఉండగా. పక్కనే కూర్చున్నాను జాజియా. ఆమె దెబ్బకి జవాబు చెప్పలేదు. లేరట్రా అన్నదానికి చెప్పింది, ఇదుగో ఉన్నాను అని. పొద్దుటి నుంచి నేను చెయ్యి వేడి చూసుకుంటూ చెయ్యికి వకాల్తా తీసుకుని గుడ్లు పోగేసుకుంటున్నాను, ఆమె బీరువా తెరిచి మూస్తున్నది నాలుక గురించి. ఆ మాటలో ఇంకో వింత ఉంది, నవ్వొస్తోంది. వాణ్ణి పెంచినవాళ్ళెవరూ లేరంటే, ఆ నలభై రోజులు నేనెక్కడున్నాను? చేపముల్లు తీసింది ఎవరు? రెండు కళ్ళ అక్షరం ఎవరు నేర్పారు? ఆమెను తుడిచేద్దామని విసిరిన మాట నన్ను కూడా తుడిచేసింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం కలిసి పెంచిన పిల్లాణ్ణి అనాథని చేసేశాను, వాడు ఏడవక ఏం చేస్తాడు. ఏడవలేదు కదా. అదే బాధ.

మళ్ళీ ఎలా కలిశారని అమ్మని అడిగాను. ఏడాది తర్వాత ఏమైంది, ఆమె వచ్చి అడిగిందా, నువ్వే వెళ్ళావా? అమ్మ లేస్తూ, మోకాలు పట్టుకుని, రొట్టె కాలాలి కదే, ఎన్నాళ్ళని ఊరి చివరికి మోస్తాను అంది. అంత పెద్ద ఏడాదికి అంత చిన్న ముగింపు. నాకు అంత టైము లేదు. వాడికి బడి తెరిచేస్తారు.

అమ్మ మెట్ల దాకా వెళ్ళింది. నేను పిలిచాను. కొంగు తీసి చెప్పు ఇచ్చాను. ఇది దొరకనంతసేపూ వాళ్ళు కదలలేరు, ఒక్క చెప్పుతో పిల్లాణ్ణి ఎవరూ బండి ఎక్కించరు, నాకు తెలుసు, అందుకే కొంగు కింద పెట్టుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ చెప్పు దాచి వాణ్ణి ఉంచుకుంటే ఉంచుకున్నట్టా? ఇచ్చెయ్ అన్నాను. ఎక్కడ దొరికిందని చెప్పమంటావు అంది అమ్మ. నా దగ్గర అని చెప్పు అన్నాను. అమ్మ ఆ చెప్పుని అటూ ఇటూ తిప్పి, పిల్లాడికి కొత్తవి కొనాలి అని మాత్రం అని దిగిపోయింది.

తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. చెప్పు చేతికి చేరి ఉంటుంది. కాలికి వేసి ఉంటుంది. వాడు ఎప్పుడూ ఎడమది ముందు వేయించుకుంటాడు, కుడిది ముందు వెయ్యాలి నాన్నా అంటే కాలు ముడుచుకుంటాడు. పిచ్చుకలు ఒక్కసారిగా లేచిపోయాయి, నేను కర్ర ఎత్తలేదు. తల ఎత్తితే తోటల మీద ఆకాశం లేదు, బూడిదరంగు గోడ ఒకటి నడిచి వస్తోంది. మసీదులోంచి అస్ర్ పిలుపు మొదలైంది. మొదటి చినుకు నా మణికట్టు మీద, ద్రాక్షపండంత. రెండోది దుప్పటి మీద, టప్ మని. కింద అమ్మ వర్షపునీళ్ళ తొట్టి మూతికి గుడ్డ కుక్కుతున్న చప్పుడు, మొదటి వాన తొట్టిలోకి పోనివ్వం, డాబా కడిగిన నీళ్ళు బయటికి పోవాలి. లేచి మొదటి దుప్పటి రెండు మూలలు పట్టుకుని ఎత్తితే అవతలి వైపు గింజలు నేల మీదికి జారబోయాయి. వదిలేశాను. అటు పరిగెత్తి ఆ రెండు మూలలూ ఎత్తితే ఇటు. మసీదు ముందు బండి హారన్. పిలిస్తే పలికేదాన్ని అంది. నోరు తెరిచాను. వదినా అని పిలవడానికి ఇప్పుడు నాకు ముఖం ఉందా, వాన వచ్చింది కాబట్టి పిలిచినట్టు కాదా, కుస్కుస్ కోసం పిలిచినట్టు కాదా? అయినా పిలిచాను. చిన్నగానే వచ్చింది గొంతు. ఆ చప్పుడులో ఎవరికీ వినపడి ఉండదు.

మెట్ల మీద అడుగులు, అమ్మవి కావు. వదిన ప్రయాణం బట్టల్లో ఉంది, మంచి చెప్పులు, భుజానికి సంచి. ఆకాశం వైపు చూసింది, నా వైపు చూడలేదు. సంచి మెట్లగది లోపలికి విసిరి, నా ఎదురుగా వచ్చి రెండు మూలలు పట్టుకుంది.

“లాగకు. ఎత్తు.”

ఎత్తాం. గింజలు నడుమకి జారి బరువుగా కూర్చున్నాయి. అడ్డంగా నడుచుకుంటూ మెట్లగదిలోకి తీసుకెళ్ళి దించాం. రెండో దుప్పటి. ఆమె ముందుకి నడిస్తే నేను వెనక్కి, మగ్గం దగ్గర ఇద్దరు పనివాళ్ళలా, మాట లేకుండా. మూడో దుప్పటి దగ్గరికి వచ్చేసరికి హైకల్ అక్కడ నిలబడి ఉన్నాడు. జుట్టు తడిపి దువ్వింది వాళ్ళమ్మ, ఇస్త్రీ చొక్కా, రెండు కాళ్ళకీ నీలం చెప్పులు. చెంప మీద ఏమీ లేదు, నిజంగానే పోయింది. వాడు దుప్పటి అంచున తన పాదం గుర్తుని చూస్తున్నాడు, నేను చెరపనిది. వదిన కూడా చూసింది. మిగతా దుప్పటంతా చదునుగా ఉంది, అదొక్కటే ఉంది. అప్పుడు, పొద్దుటి తర్వాత మొదటిసారి, నా వైపు చూసింది. ఆమె రెండు చేతుల్లో రెండు మూలలు, నా రెండు చేతుల్లో రెండు మూలలు, మా మధ్య గింజలు, చినుకులు. వాడు కాలు ఎత్తాడు. తొక్కడానికి కాదు. సరిపోతుందో లేదో చూసుకోవడానికి, ఆ గుర్తులో పెట్టి. చెప్పు అడుగున బురద. కాలు గాల్లో ఉంచి నా వైపు చూశాడు. పొద్దుటి నవ్వు లేదు. అడుగుతున్నాడు.

నేను వదిన వైపు చూశాను.

“చూస్తావేంటి? వాడికి నువ్వే చెప్పు. నా చేతులు ఖాళీగా లేవు.”

గొంతులో పొద్దుటి మాట ఇంకా అక్కడే ఉంది, మొదలు అదే వచ్చింది, నాకు నేనే భయపడ్డాను. “ఏరా హైకల్, నిన్ను పెంచిన…” అన్నాను. వదిన పట్టు బిగిసింది, దుప్పటిలోంచి నా వేళ్ళకి తెలిసింది. “నిన్ను పెంచినావిడ ఇక్కడే ఉంది. తిండి మీద కాలు పెట్టకూడదని ఆవిడ నీకు నేర్పలేదా? నేర్పింది. నేను చూశాను.”

వాడు కాసేపు ఆలోచించాడు, ఒంటికాలి మీద, కొంగలాగా. “నేర్పింది,” అన్నాడు. కాలు వెనక్కి పెట్టాడు. ఆ పైన, వాడు వాడే కదా, “చెప్పు విప్పి పెట్టనా, అత్తా?”

వదిన పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో ఏమో, వాన ఆమె ముఖం మీద ఉంది, తెలియలేదు. మసీదు వైపు నుంచి హారన్ రెండోసారి మోగింది, పొడుగ్గా, తర్వాత ఇంజను చప్పుడు తోటల వైపు సాగి సాగి సన్నబడింది. ఆమె అటు తల తిప్పలేదు. “ఎత్తు జాజియా, తడిసిపోతోంది,” అంది.

ఎత్తాం. అంచు లేవగానే ఆ పాదం మొదట మడమ దగ్గర జారింది, తర్వాత వేళ్ళు, పొడుగు వేలు అన్నిటికన్నా చివర. గింజలన్నీ నడుమకి చేరాయి. ఈ చలికాలం కుస్కుస్ వండుకునే ఏ శుక్రవారం ఎవరి పళ్ళెంలోకి వస్తుందో అది, ఎవరికీ తెలియదు. వాడు దుప్పటి కింద దూరి, తల మీద మోస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తి, మా ఇద్దరి మధ్యా నడిచాడు.